ఉత్తచేతుల నడక

ఆ ఉదయం బాలనాగమ్మ వేసుకున్న పథకం చిన్నదే. ఊరు లేవకముందే అర్ధగంట నడిచి, ఎవరి కంటా పడకుండా వచ్చి, మళ్లీ మంచంలో పడాలి. రొమ్ములో గడ్డ తీసేశారు కనుక మనిషి గడ్డకెక్కినట్టేనని హైదరాబాదు డాక్టరు అన్నాడు. కానీ రోజూ నడవాలన్నాడు. చెయ్యి బిగుసుకోకుండా గోడమీద వేళ్లు పాకిస్తూ పైకెత్తాలన్నాడు. "ఒంట్లో సత్తువ లేకుంటే నాలుగో ఇంజెక్షన్ ఇవ్వలేనమ్మా" అని కూడా అన్నాడు. ఆ ఇంజెక్షన్ సోమవారం. అది తప్పితే రోగం ఊరుకోదని ఆమెకు తెలుసు.

మల్దకల్ దగ్గరి ఆ ఊరికి మాత్రం క్యాన్సర్ మనిషంటే మంచం మనిషి. ఆమె నడక మాటెత్తితే జనం పడక చూపించేవారు. పరామర్శకు వచ్చినవాళ్లకు ఆమె లేచి కూర్చుని కనిపిస్తే, తెచ్చిన బత్తాయిలు ఇవ్వాలో వద్దో తెలిసేది కాదు. "జర పండుకోవే, మంది చూస్తే ఏమంటరు?" అని మొగుడు తిరుపతయ్య భుజాలు పట్టి పడుకోబెట్టేవాడు. రెండు నెలల్లో ఆమె కాళ్లు పుల్లలయ్యాయి.

అందుకే మసకచీకట్లో, జుట్టు రాలిన తలకు కొంగు చుట్టుకుని పొలంబాట పట్టింది. పొరపాటు అక్కడే జరిగింది. అది కరువు మూడో ఏడు. ఆ బాటలో ఉత్తచేతులతో ఎవరూ నడవరు. కొడవలో, తట్టో, కనీసం చెంబో ఉండాలి. ఆ ఏడాది ఏమీ పట్టుకోకుండా పోయినవాళ్లు ఇద్దరే. ఇద్దరూ తిరిగి రాలేదు.

పేడ ఎత్తుతున్న పక్కింటి సాయమ్మ ఆమెను చూసింది. "యాడికే అక్కా?"

"యాడికి లేదు. ఊకెనే నడుస్తున్న."

ఊకెనే! సాయమ్మ తట్ట పడేసి తిరుపతయ్య దగ్గరికి ఉరికింది. "బావా! అక్క బాయి దిక్కు పోతుంది! చేతుల ఏం లేదు!"

తిరుపతయ్య లుంగీ ముడి వేసుకుంటూనే పరుగెత్తాడు. వెనక సాయమ్మ, పాలక్యానుతో బాలయ్య, సైకిలు మీద అజీజ్, వాళ్ల వెనక ఎందుకు పరుగెత్తుతున్నారో తెలియని ఇరవైమంది. తిరిగి చూసిన బాలనాగమ్మకు ఒకటే తోచింది: పడుకోబెట్టడానికి వస్తున్నారు! అడుగు పెంచింది. దాంతో బాలయ్య గొంతు పెంచాడు.

"జల్ది ఉరుకుర్రి! దుంకుతది!"

బావి దగ్గర ఆమె చెప్పులో ముల్లు గుచ్చుకుంది. చెప్పులు గట్టునే విడిచి, మోటారు గది చాటుకు పోయి, గోడమీద వేళ్లు పాకించసాగింది. వచ్చినవాళ్లకు చెప్పులు కనిపించాయి. మనిషి కనిపించలేదు.

"ఓ బాలనాగీ!" అంటూ తిరుపతయ్య బావిలోకి దూకేశాడు.

దబ్బుమని చప్పుడైంది. నీళ్ల చప్పుడు కాదు.

బాలనాగమ్మ పరుగున వచ్చి లోపలికి తొంగిచూసింది. పూడిక నిండగా మిగిలిన రెండు నిలువుల లోతులో మొగుడు కాలు పట్టుకుని మూలుగుతున్నాడు.

"ఓ మనిషీ! ఇది ఎండి మూడేండ్లాయె! దీంట్ల చావనీకి నీళ్లేడున్నయి?"

"నువ్వు చస్తున్నవని దుంకిననే!"

"నేను బతకనీకొచ్చిన!"

గట్టుమీద నవ్వబోయినవాళ్లు ఆమె ముఖం చూసి మానుకున్నారు.

గద్వాల దవాఖానలో తిరుపతయ్య కాలికి కట్టు వేసి, మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. ఆ వారమంతా నీళ్లు మోసిందీ, మందులకు తిరిగిందీ బాలనాగమ్మే. సోమవారం పొద్దున సంచి భుజాన వేసుకుని, ఒక్కతే బస్సు రోడ్డుకు నడిచింది. పడుకోమని చెప్పడానికి ఎవరూ అడ్డం రాలేదు. ఊరంతా తిరుపతయ్యను పరామర్శించే పనిలో ఉంది.