కాళ్ళు నున్నగా, కౌంటరు ఎత్తుగా

మనశ్శాంతి కోసం కొండలెక్కనక్కర్లేదు. ఇంట్లో ఒక బాత్‌రూమూ, ఒక రేజరూ, గడియ పడే తలుపూ ఉంటే చాలు. కాళ్ళ మీది వెంట్రుకలు గీసుకోవడాన్ని మించిన ఆత్మపరిశీలన ఈ కాలపు స్త్రీకి మరొకటి దొరకదు! నవ్వకండి. ఒక హోటలు రిసెప్షనిస్టు సంగతి వింటే మీరే ఒప్పుకుంటారు.

ఆ హోటల్లో రిసెప్షన్ కౌంటరు నల్లరాతిది. ఆమె గుండెల దాకా వస్తుంది. దాని వెనక నిలబడిన మనిషికి అసలు కాళ్ళున్నాయో లేదో అతిథికి తెలిసే దారి లేదు. అందుకే కాబోలు, యాజమాన్యం కాళ్ళ గురించి అంత లోతుగా ఆలోచించింది! యూనిఫారంలో ప్యాంటు రద్దయి, మోకాళ్ళ దాకా వచ్చే స్కర్టు వచ్చింది. సోమవారం తనిఖీ అన్నారు. కాళ్ళు నున్నగా లేనివాళ్ళు ఫోన్ల గదిలోకి.

ఫోన్ల గదికి కిటికీ లేదు. మనుషుల ముఖాలు చూడటం తప్ప ఆ ఉద్యోగంలో ఆమెకు నచ్చింది మరేమీ లేదు. సూట్‌కేసు కింద పెట్టే తీరును బట్టి, వచ్చినాయన ఇంట్లో గొడవపడి వచ్చాడో, ఇక్కడ గొడవపడటానికి వచ్చాడో చెప్పగలదు. అలాంటి మనిషిని గోడకెదురుగా కూర్చోబెడితే ఏమైపోతుంది?

అందుకని ఆదివారం పొద్దున్నే బాత్‌రూములో దూరి గడియ పెట్టుకుంది. ఇంటర్నెట్టులో చదువుకునే వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు నాననివ్వాలి. సబ్బు నురగ దట్టంగా పట్టించాలి. కొత్త బ్లేడు వాడాలి. తొందరపడకూడదు. ఆ చివరి మాట రాసినవాళ్ళింట్లో కచ్చితంగా రెండు బాత్‌రూములుంటాయి.

కొత్త బ్లేడు కొనడం మరిచిపోయింది. అలమారలో భర్త రేజరుంది. అతను దాన్ని వాడక చాలా రోజులైంది. గడ్డం పెంచడం అతని వ్యక్తిత్వం మరి!

"లోపల నిద్రపోయావా ఏంటి?" భర్త తలుపు కొట్టాడు.

"వస్తున్నానండీ."

"ఇందాకట్నుంచీ వస్తూనే ఉన్నావు. అమ్మ కూడా నిలబడి ఉంది ఇక్కడ."

"నాకేం తొందర లేదురా," అంది అత్తగారు. "నువ్వలా బాదావంటే పాపం దాని చెయ్యి జారుతుంది."

చేతిలో ఏముందో అత్తయ్యకెలా తెలుసని అనుకునే లోపే చెయ్యి జారింది.

మోకాలి దగ్గర కాలు వంచి, చర్మం బిగిశాక గీసుకోవాలి. ఆమె చాపుకుని గీసుకుంది. ముడతల్లో పాత బ్లేడు దిగింది. రక్తం తుడుస్తూ మోకాలిని తేరిపార చూసింది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడిన మచ్చ ఇంకా అక్కడే ఉంది. ఇన్నేళ్ళు తనను మోసిన కాలు ఇది. ఇన్నాళ్ళూ దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు, తనకు కూడా. చూడగా చూడగా అది తన కాలు కానట్టు, ఎవరో శుభ్రం చేసి ఉంచమని ఇచ్చి వెళ్ళిన సామానులా అనిపించింది. మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు దీనికి ఏదో జబ్బు పేరు పెడతారు. మనం మాత్రం వైరాగ్యం అందాం. ఇంట్లో కూర్చుని, ఖర్చు లేకుండా, ఇంతటి వైరాగ్యం!

బయటికి రాగానే భర్త రేజరు చూశాడు.

"ఇది గడ్డానిది."

"మీరు గీసుకోవడం లేదుగా."

"గీసుకోకపోతే మాత్రం? దానికో మర్యాద ఉంటుంది."

సోమవారం మేనేజరు అందరినీ వరసగా నిలబెట్టాడు. ఆమె దగ్గరికొచ్చి చాలాసేపు కిందికి చూశాడు.

"నున్నగానే ఉన్నాయి. కానీ ఈ ప్లాస్టర్లేంటమ్మా? యుద్ధం నుంచి వచ్చావా?"

"కౌంటరు వెనక ఎవరికి కనబడతాయి సార్?"

"అలా అనుకుంటే ఎలాగమ్మా?" అని ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "సరే. ఇవాళ్టినుంచి అందరూ దళసరి నల్ల మేజోళ్ళు వేసుకోండి. లోపల మాత్రం నున్నగానే ఉండాలి."

"లోపల ఎలా ఉన్నాయో ఎవరికి తెలుస్తుంది సార్?"

"నీకు తెలుస్తుంది కదమ్మా. ఆ తృప్తి ముఖంలో కనబడుతుంది."

ఎంత మాట! జీతం లేని ఇన్‌స్పెక్టరును ఆమె తలలోనే కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. ఇంతకన్నా పొదుపైన యాజమాన్యం ఎక్కడైనా ఉంటుందా?

కౌంటరు ఆమెకే దక్కింది. ఆ రోజు తర్వాత ఆమె రేజరు ముట్టలేదు. మేజోళ్ళ కింద వెంట్రుకలు మొదట గరుగ్గా, తర్వాత మెత్తగా, నింపాదిగా పెరిగాయి. నల్లరాయి వెనక నిలబడి అతిథులను పలకరించేటప్పుడల్లా అవి గుర్తొచ్చి ఆమె పెదవుల మీద చిన్న నవ్వు మెదిలేది.

మేనేజరుకు ఆ నవ్వు తెగ నచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయిలను తీసుకొచ్చి ఆమె ఎదురుగా నిలబెట్టాడు.

"చూడండమ్మా, ఆ ముఖంలో కాన్ఫిడెన్సు. అది కాళ్ళ మీద శ్రద్ధ పెడితేనే వస్తుంది."

ఆయన అటు వెళ్ళగానే, ఇంకా పూర్తి యూనిఫారంలోకి రాని, మోకాలికి కొత్త ప్లాస్టరున్న ఒక పిల్ల కౌంటరు మీదికి వంగింది.

"అక్కా, నాకు ఎంత జాగ్రత్తగా గీసుకున్నా తెగుతోంది. మీరేం వాడతారు?"

"మేజోళ్ళు," అంది ఆమె. "బాగా దళసరివి చూసి కొనుక్కో."