ఆమోదిత బుట్ట

మన చేతివృత్తుల మండలికి ఇన్నేళ్ళుగా లేని బుట్టల నిపుణుడు ఎట్టకేలకు దొరికాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ నిపుణుణ్ణి నేనే. నా సంగతి నేనే చెప్పుకోవడం బాగుండదని తెలుసు. కానీ వేరేవాళ్ళెవరూ చెప్పకపోవడం చేత ఆ బాధ్యత కూడా నామీదే పడింది.

మండలి చేసే పని తమకు తెలియనిది కాదు. చేత్తో వస్తువులు చేసేవాళ్ళకి మేం కార్డు ఇస్తాం. కార్డున్నవాళ్ళు ఊరి నడిబొడ్డున సర్కారు బజార్లో నీడపట్టున కూర్చుని అమ్ముకోవచ్చు. లేనివాళ్ళు ఎండలో తిరిగి అమ్ముకోవచ్చు, దానికి మేమెన్నడూ అభ్యంతరం చెప్పలేదు. కుండలకీ చాపలకీ నిపుణులున్నారు గానీ బుట్టలకి లేడు. అందుచేత బుట్టల దరఖాస్తులన్నీ ఆరేళ్ళుగా నా బల్ల పక్కన ఒక అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. అట్టపెట్టె చిరిగిపోతోందని ఒక మంచి బుట్ట కొందామనుకున్నాం. కార్డున్న మనిషి దగ్గరే కొనాలన్న నిబంధన ఉండటంతో కొనలేకపోయాం.

నేను నిపుణుణ్ణి కావడానికి కారణం నా ఇద్దరు మిత్రులు. ఒకడు పళ్ళ డాక్టరు. రెండోవాణ్ణి ప్లానింగు అంటాం. ఇంతవరకు ఎక్కడికీ వెళ్ళలేదు గానీ ప్రపంచంలో ఎక్కడికైనా ఎలా వెళ్ళాలో గీసి చూపిస్తాడు. ముగ్గురికీ యాభై దాటింది. ఒక ఆదివారం డాక్టరు నిట్టూర్చి, "మనం బతకట్లేదురా, ఊరికే వయసు పెంచుకుంటున్నాం" అన్నాడు. వీపున సంచీ, కాళ్ళకి బూట్లు తప్ప ఏమీ లేకుండా నాలుగు రోజులు కొండల్లో బతకాలని అప్పటికప్పుడే తీర్మానించుకున్నాం.

ఏమీ లేకుండా బతకడానికి కావలసిన సామాను కొనడానికి మూడు వారాలు పట్టింది. మడతపొయ్యి, మడతకుర్చీ, గాలి ఊదే దిండు, పద్నాలుగు పనులు చేసే చాకు. ఆ పద్నాలుగింట్లో మేం వాడింది ఒక్కటే, డాక్టరు పళ్ళు కుట్టుకున్నాడు. నా సంచీ పద్దెనిమిది కిలోలు తూగింది. మా ఆవిడ దాన్ని చూసి, "వారానికి సరిపడా కూరలు తెమ్మంటే నడుం పట్టేసిందంటారుగా?" అంది. కూరలకీ సాహసానికీ ఉన్న తేడా వివరించబోయాను గానీ, అప్పటికే నడుం పట్టేసింది.

కొండ కింద మా నాయకుడు ఎదురొచ్చాడు. సాహస యాత్రల కంపెనీ మనిషి, పన్నెండు జేబుల పంట్లాం వేసుకున్నాడు. "మిత్రులారా! ఇది మామూలు కొండ కాదు. అత్యంత కఠిన శ్రేణికి చెందిన కొండ. ఇక్కడ మనిషి కొండని ఎక్కడు, తనలోని భయాన్ని ఎక్కుతాడు!" అని ఉపన్యసించాడు. అంతలో అరవై ఏళ్ళ మనిషి ఒకామె, ఉత్తకాళ్ళతో, వీపున గంపెడు వెదురుతో ఆ కొండమీంచే దిగివచ్చి, "కాస్త జరగండి బాబూ" అంటూ మా మధ్యనుంచి వెళ్ళింది. ఆమె మలుపు తిరిగేదాకా నాయకుడు జేబులు సర్దుకుని, ఆ తర్వాత భయం గురించి కొనసాగించాడు.

మొదటిరోజు తాడు పట్టుకుని వాగు దాటాం. పక్కనే వంతెన ఉంది. వంతెనమీద వెళ్ళేవాళ్ళు పనులు మానుకుని నిలబడి చూశారు. డాక్టరు నడిమధ్య ఇరుక్కుపోయి అరగంట వేలాడాడు. నోరు బాగా తెరవండని రోజూ పదిమందికి చెప్పే మనిషి, ఆ వేళ ఎవరూ చెప్పకుండానే తెరిచాడు.

రెండోరోజు స్థానిక కళ. నేర్పడానికి వచ్చింది ఆ వెదురు మోసినావిడే. అందరూ పెద్దమ్మ అంటారు. వెదురు కొట్టి, బద్దలు చీల్చి, నానబెట్టి, అడుగు అల్లి మా చేతికిచ్చింది. మిగతా బుట్టంతా మేమే స్వయంగా అల్లాం. నాది ఒక పక్కకి ఒరిగి, మూతి గుండ్రమో పలకో తేల్చుకోలేక ఆగిపోయింది. ప్లానింగు నిద్రపోయాడు. పెద్దమ్మకి ఒక అలవాటుంది. బుట్ట పూర్తికాగానే బోర్లించి దానిమీద కూర్చుంటుంది. కిర్రుమంటే విప్పేసి మళ్ళీ అల్లుతుంది, కిర్రుమనకపోతేనే అమ్ముతుంది. నా బుట్టని అటూ ఇటూ తిప్పి చూసి, నేలమీదే కూర్చుంది.

"దీనిమీద కూర్చోవా పెద్దమ్మా?" అన్నాను.

"వద్దులే బాబూ, పాపం" అంది.

రెండు గంటలు పూర్తికాగానే 'వెదురు అల్లికలో ప్రావీణ్యం' అని బంగారు అక్షరాలతో మాకు సర్టిఫికెట్లు ఇచ్చారు. ప్లానింగుకి ప్రత్యేక ప్రశంస లభించింది.

నాది ఏ ఆఫీసో తెలిశాక పెద్దమ్మ చేతిలో కత్తి పక్కన పెట్టింది. "నా అర్జీ అక్కడే ఉంది బాబూ, ఆరేళ్ళయింది. మోకాళ్ళు అరిగిపోయాయి. వీధులు తిరగలేకపోతున్నా. కార్డున్నవాళ్ళకి వెదురు కూడా బజారుకే తెచ్చిస్తారటగా? ఓ మూల చోటిప్పించండి, కూర్చుని అల్లుకుంటా, కూర్చుని అమ్ముకుంటా. ఇంక ఈ కొండ ఎక్కలేను."

"చూద్దాం పెద్దమ్మా" అన్నాను. మా ఆఫీసులో అందరికీ నోటికొచ్చిన మాట అది.

మూడోరోజు కొండ ఎక్కాం. ప్లానింగు గీసిన దగ్గరదారిలో ముప్పాతిక వంతు పోయాక నా కాలు మడతపడి, చీలమండ బూరెలా పొంగింది. నాయకుడు పన్నెండు జేబులూ వెతికితే ఒక ఈల దొరికింది. ఊదాడు. పైన వెదురు కొడుతున్న పెద్దమ్మ ఆ ఈల విని దిగివచ్చింది. గంపలోని వెదురంతా పక్కన పారబోసి, నన్ను అందులో కూర్చోబెట్టి, గంప పట్టీ నుదుటికి తగిలించుకుని లేచింది. ఖాళీగా పోవడమెందుకని ప్లానింగు నా సంచీ కూడా నా ఒళ్ళో పెట్టాడు. దారిపొడవునా గంప ఒక్కసారి కిర్రుమనలేదు. మోకాళ్ళు మాత్రం అడుగడుక్కీ కిర్రుమన్నాయి, అవి నావి కావు. నాయకుడు ముందు నడుస్తూ ఫొటోలు తీశాడు.

అబద్ధమెందుకు, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "పెద్దమ్మా, నీ కార్డు నా పూచీ" అన్నాను. ఆ క్షణాన నిజంగానే అన్నాను. నన్ను దించేసి ఆమె మళ్ళీ కొండెక్కింది. పారబోసిన వెదురు అక్కడే ఉండిపోయింది కదా.

తర్వాత సంగతులు త్వరత్వరగా జరిగాయి. నా సర్టిఫికెట్ చూసి డైరెక్టరుగారు పరవశించి, "మన చేతుల్లోనే నిపుణుణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాం!" అంటూ సభ పెట్టారు. నా బుట్టకి లక్కముద్ర వేసి, అద్దాల బీరువాలో 'ఆమోదిత నమూనా'గా నిలబెట్టారు. నిలబడనందున గోడకి ఆనించారు. ఇకపై వచ్చే బుట్టలన్నీ దానితో సరిపోలవలెనని ఉత్తర్వు వెలువడింది.

మాట తప్పే మనిషిని కాను. అట్టపెట్టెలోంచి మొట్టమొదట పెద్దమ్మ దరఖాస్తే తీశాను. ఆమె నన్ను మోసిన గంపనే శుభ్రంగా కడిగి తెచ్చింది. డైరెక్టరుగారు గంపనీ నమూనానీ మార్చి మార్చి చూశారు.

"మరీ ఇంత గుండ్రమా? మిషను మీద చేసినట్టుంది. ఇందులో మనిషి చెయ్యి కనిపించట్లేదమ్మా!"

పెద్దమ్మ తన రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ళనిండా వెదురు కోసిన గాట్లు. అవి నిబంధనల్లో లేవు. అప్పుడామె గంపని గది మధ్యలో బోర్లించి దానిమీద కూర్చుంది. అది కిర్రుమనలేదు. 'అభ్యర్థిని అనుమతి లేకుండా ఆసీనురాలైనది' అని డైరెక్టరుగారు రాయించారు.

ఆమె నావైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబూ. ఇందులో కూర్చున్నారుగా?"

గదిలో అందరూ నన్నే చూశారు. ఆమెది బుట్ట అని ఒప్పుకుంటే, బీరువాలో ఉన్నదేమిటన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకే నేనెవరన్న ప్రశ్న కూడా వస్తుంది. అయినా గంపలో కూర్చున్ననాడు నేను ప్రైవేటు వ్యక్తిని, ఇవాళ మండలి నిపుణుణ్ణి. 'నమూనాతో సరిపోలలేదు' అని రాసి సంతకం చేశాను.

ఏరు దాటి తెప్ప తగలేశానని కిట్టనివాళ్ళు అంటున్నారు. ఇది శుద్ధ అబద్ధం. తెప్పని ఎవరూ తగలెయ్యలేదు. నిబంధనల ప్రకారం వెనక్కి పంపాం.

పెద్దమ్మ పోతూ పోతూ బీరువా దగ్గర ఆగింది. నా బుట్ట అంచున ఒక బద్ద ఊడి వేలాడుతోంది. చేతులూరుకోక, తలుపు తీసి, నాలుగు వరసలు విప్పి, మళ్ళీ అల్లి, అంచు బిగించి, బోర్లించి దానిమీద ఒకసారి కూర్చుని లేచి వెళ్ళిపోయింది. దాంతో నమూనా గుండ్రమైపోయింది. ఆమోదానికి పనికిరాకుండా పోయింది.

కొత్త నమూనా తయారీకి వచ్చే నెల మళ్ళీ అదే కొండకి అధికారిక యాత్ర మంజూరైంది. డాక్టరు తాడు పేరెత్తితే నోరు మూసేసుకుంటున్నాడు కాబట్టి ఒక చోటు ఖాళీగా ఉంది. ప్రకృతిమీదా చేతివృత్తులమీదా అభిమానం గల మీవంటి పాఠకులు రాదలిస్తే పేరుతోపాటు బరువెంతో కూడా రాసి పంపగలరు. కాలు మడతపడితే ఎవరు దించుతారన్న బెంగ పెట్టుకోకండి. కార్డు రాలేదు కదా, పెద్దమ్మ కొండమీదే ఉంటుంది.