మస్కట్‌కి ముక్కు పరీక్ష

మన్మథరావు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. బలిఘట్టంలో షేర్ ఆటో ఎక్కి నర్సీపట్నం బస్సు కాంప్లెక్సులో దిగడం, విశాఖ బస్సు పట్టుకోవడం, చెల్లెలింట్లో పడుకుని తెల్లారి మస్కట్ విమానం ఎక్కడం. అక్కడ దర్జీ ఉద్యోగం. కరోనాతో కొట్టు మూతపడ్డాక చేతికి దొరికిన మొదటి పని అదే. ముక్కు పరీక్ష మొన్ననే చేయించాడు. నెగెటివ్.

చెప్పులు తొడుక్కుంటుంటే ఏజెంటు నాగేంద్ర ఫోను.

"అన్నయ్యా, రూలు మారిపోనాది. మొన్నటి రిపోర్టు సెల్లదు. ఇయ్యాల మల్లీ సేయించాలి. పాజిటివొస్తే వీసా పోయినట్టే!"

మన్మథరావు చెప్పులు విడిచి మళ్లీ లోపలికి నడిచాడు. దారిలో ఎవరి తుమ్ము పొంచి ఉందో! మాస్కు మీద మాస్కు వేశాడు, కళ్లద్దాలు పెట్టాడు, చేతులకి తొడుగులు, ఒంటికి రెయిన్ కోటు.

"ఏటండీ, జీడితోటకి మందు కొట్టడానికి ఎల్తన్నారా?" అంది భార్య రోజారమణి. ఆయనకి నవ్వు రాలేదు.

ఆటోలో పక్కన చేపల గంపతో పైడితల్లి కూర్చుంది. ఊపిరి బిగబట్టి బయటికి చూస్తున్నాడు. అంతలో ఆమె హాచ్ మని తుమ్మింది. మన్మథరావు సంచితో సహా నడుస్తున్న ఆటోలోంచి దూకేశాడు.

"ఏటయ్యింది బాబూ?" అంటూ ఆటో ఆగగానే ఆమె కంగారుగా దిగింది.

"దగ్గరికి రాకండి! నాకు టెస్టుంది! పాజిటివొస్తే పోతాను!"

రెండు మాస్కులు వడగట్టగా బయటికొచ్చినవి "పాజిటివ్", "పోతాను" అన్న రెండు ముక్కలే. ఆటో క్షణంలో ఖాళీ అయింది. డ్రైవరు తాళం బండికే వదిలేసి పొలాల్లోకి పరుగెత్తాడు. పైడితల్లి గంప కూడా మరిచిపోయింది. ఎవరో 108కి ఫోను కొట్టారు.

నర్సీపట్నం ఆసుపత్రిలో నర్సు దేవుడమ్మ గుమ్మం అవతలే నిలబడి అడిగింది. "ఏ ఊరు నుంచి?"

మన్మథరావు ధ్యాసంతా విమానం మీదే ఉంది. "మస్కట్... మస్కట్ అమ్మా... బేగి వదిలీండి..."

"ఓలమ్మో, ఫారిన్ నుంచొచ్చినాడు! కొత్త రకం!" అని ఆమె పెట్టిన కేకకి వరండా అంతా ఖాళీ. కాసేపట్లోనే అంబులెన్సు ఆయన్ని వేసుకుని సైరన్‌తో విశాఖ దారి పట్టింది.

ఇంతమంది పారిపోయారంటే తనకి నిజంగానే అంటుకుని ఉంటుందనిపించింది మన్మథరావుకి. గొంతు గరగరలాడింది. నుదురు కాలిపోతున్నట్టుంది. ఇంటికి ఫోను చేశాడు. "రమణీ, కుట్టు మిషను మాత్రం అమ్మీకు. నీకదే ఆధారం."

అవతల రోజారమణి బావురుమంది.

విశాఖ పెద్దాసుపత్రిలో రెండు ముక్కుపుటాల్లోనూ పుల్ల పెట్టి తిప్పారు. సాయంత్రం దాకా దేవుళ్లందరికీ మొక్కుతూ మంచం మీద ముడుచుకుని కూర్చున్నాడు. చివరికి నర్సు కాగితం చేతిలో పెట్టింది. నెగెటివ్.

అప్పుడు తట్టింది. కావలసిన పరీక్ష అయింది, కావలసిన ఊరికి చేరాడు. బస్సు టిక్కెట్టూ కొననక్కర్లేకపోయింది! కాగితాన్ని కళ్లకద్దుకుని, ఆ రోజుకి మొదటిసారి నవ్వాడు.

ఫోను మోగింది. నాగేంద్ర.

"అన్నయ్యా, శుభవార్త! రూలు మల్లీ మారినాది. మీలాగ రెండు డోసులు ఏసుకున్నోలికి టెస్టే అక్కర్లేదంట!"

"మరి మాస్కు?"

"అదీ మన ఇష్టమేనంట."

మన్మథరావు రెండు మాస్కులూ మళ్లీ తగిలించుకుని నాగేంద్రని చాలాసేపు ఏవేవో అన్నాడు. ఆ మాటలు పక్క మంచం దాకా పాకకుండా ఆపడంలో మాస్కులు బ్రహ్మాండంగా పనిచేశాయి.