కోత పండుగకు మా నాన్న సైకిల్

మా ఇంట్లో సైకిల్ ఒక్కటే. కాకపోతే అది మూడు చోట్ల ఉండేది.

నవ్వకండి. నవ్వే స్థితిలో నేను లేను. టీ చెప్పండి, మొత్తం చెబుతాను.

యాభై దాటాక ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పట్టుకుంటుంది. నాకు పాత ఉక్కు సైకిళ్ల పిచ్చి పట్టుకుంది. గేర్లూ లావు టైర్లూ ఉన్న ఇప్పటి సైకిళ్లు కావు. డైనమో ఉన్నవి, తోలు సీటు ఉన్నవి, స్టాండు వేస్తే వీధి చివరిదాకా వినిపించేవి. ఇలాంటి పిచ్చివాళ్లమంతా ఒక సంఘం పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున్నే కాప్రా చెరువు దగ్గర కలుస్తాం. తొక్కేది కాసేపు, విప్పేది చాలాసేపు. వీడి రిమ్ము వాడికి, వాడి హ్యాండిల్ వీడికి. పాత సైకిల్ గొప్పతనమే అది. దీనిది దానికి చక్కగా పడుతుంది. వచ్చిన సైకిల్ మీదే ఇంటికి వెళుతున్నామా అని అడిగితే మాలో ఎవరూ ప్రమాణం చేయలేరు.

మా సంఘంలో నాకు ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడు సీతాఫల్‌మండిలో ఉండే హరికిషన్. అతన్ని గ్రీజు హరికిషన్ అంటాం. పెళ్లికి వెళ్లి దీవించినా పెళ్లికొడుకు నెత్తిన నల్లటి వేలిముద్ర పడుతుంది. రెండోవాడు బన్సీలాల్‌పేట్‌లో ఉండే బెల్లుల వేణుమాధవ్. వాళ్ల గుమ్మానికి పాత సైకిల్ బెల్లు బిగించుకున్నాడు. ఎవరైనా వచ్చి మోగిస్తే తలుపు తీయడు, కళ్లు మూసుకుని ఇంకోసారి కొట్టమంటాడు.

ఇక మా ఆవిడ దేవకృప. పదో తరగతికి లెక్కలు చెబుతుంది. ఈ ఒక్క ముక్క చెబితే మిగతాది మీరే ఊహించుకోగలరు.

ఒకరోజు బాత్‌రూంలో బకెట్ మీద ఆరబెట్టిన మడ్‌గార్డును చూసి నన్ను పిలిచింది.

"ఏందండీ ఇది? ఇల్లా, సైకిల్ షాపా?"

"నాన్న సైకిల్ కోసమే కృపా."

"మామయ్య సైకిల్ ఉండనియ్యండి, దానికి నేను అడ్డం రాను. అదొక్కటే ఉండాలె. ఇంకో సైకిల్ గడప దాటి లోపలికొస్తే ఇంట్లకెళ్లి ఒకరు బయటికి పోతరు."

"నువ్వెక్కడికి పోతావు కృపా?"

"నేను పోతనని ఎవరు చెప్పిన్రు?"

మా నాన్న బడిపంతులు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ సైకిల్ మీదే బడికి వెళ్లి వచ్చాడు. ఆయన పోయాక నాకంటూ మిగిలింది అదే. మిగతా సైకిళ్లంటే నాకు సరదా, ఆ సైకిలంటే ప్రేమ. ఈ మాట నిజం. తర్వాత జరిగింది విన్నాక మీరు నమ్మకపోవచ్చు.

అప్పటికే నేను ఇంకో రెండు సైకిళ్లు సంపాదించి ఉన్నాను. బాగా ఆలోచించి, మూడింటికీ ఒకటే ఆకుపచ్చ రంగు వేశాను. కంటోన్మెంట్ గేట్లకు వేస్తారే, అచ్చం ఆ పచ్చ. ఒకటి మా ఇంట్లో, ఒకటి హరికిషన్ దగ్గర, ఒకటి వేణుమాధవ్ దగ్గర. ఆదివారం ఒకదాని మీద వెళ్లి, చెరువు దగ్గర మార్చుకుని, ఇంకోదాని మీద తిరిగి వచ్చేవాణ్ని. ఇంట్లోకి వచ్చే సైకిల్ ఎప్పుడూ ఆకుపచ్చదే, ఎప్పుడూ ఒక్కటే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడేననే త్రిత్వం గురించి మా పాస్టరు అయ్యగారు ప్రసంగిస్తుంటే అర్థమైనట్టు తల ఊపింది చర్చి మొత్తంలో నేనొక్కణ్నే.

ఇలా హాయిగా నడుస్తుండగా మా చర్చిలో కోత పండుగ వచ్చింది. మీలో తెలియనివాళ్లకు చెబుతాను. ఆ రోజు ప్రతి కుటుంబమూ దేవుడికి ఏదో ఒకటి తెస్తుంది. గుమ్మడికాయ, కోడిపుంజు, అరటిగెల, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక అన్నిటినీ ఆవరణలో వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు ఉత్సాహం కొద్దీ ఆ వస్తువును తిరిగి చర్చికే ఇచ్చేయడం, దాన్ని మళ్లీ వేలం వేయడం కూడా ఉంది. నేను కూడా ఏటా ఒక గుమ్మడికాయ పాడి, అందరూ చప్పట్లు కొడుతుండగా తిరిగి ఇచ్చేసేవాణ్ని. మా ఇంట్లో గుమ్మడికాయ కూర ఎవరూ తినరు.

ముందురోజు నేను కూరగాయలు తెచ్చేసరికి సైకిల్ ఉండే నడవా ఖాళీగా ఉంది.

"కృపా, సైకిలేది?"

"ఈసారి పండుగకు మనింటికెళ్లి అదే ఇచ్చేసిన."

"ఏ సైకిల్?"

"మనింట్ల ఎన్ని ఉన్నయండీ?"

"అది నాన్నది కదా!" అన్నాను.

"మామయ్య ఉంటే ఆయనే తోసుకుంటపోయి ఇద్దురు. దేవునికి ఇచ్చినంటే మీరు పరేషాన్ అయితరేంది?"

దేవుడి పేరు చెప్పాక నేనేం మాట్లాడతాను? పైగా నాకు లోపల ఒక ధైర్యం ఉంది. నాన్న సైకిల్ ఆ వారం హరికిషన్ దగ్గర ఉందని నా లెక్క. మేడ మీదికి పోయి ఫోన్ చేశాను.

"హరికిషన్, మా నాన్న సైకిల్ భద్రమే కదా?"

"ఇంకెక్కడి సైకిల్ అన్నా? వదిన ఆటోట్రాలీ తెచ్చి ఎక్కించుకపోయింది. మా ఇంటామె కల్పలత సొరకాయలు సుత ఇచ్చి పంపింది."

"నువ్వెందుకిచ్చావురా?"

"నేనెక్కడిచ్చిన? వాళ్లిద్దరే మాట్లాడుకున్రు. నన్ను జెర పక్కకు జరుగుమన్రు, జరిగిన."

వేణుమాధవ్‌కు చేస్తే అక్కడా అదే కథ. "బెల్లు మాత్రం విప్పి బచాయించిన భాయ్," అన్నాడు గర్వంగా.



మర్నాడు చర్చి ఆవరణలో గుమ్మడికాయల పక్కన మూడు ఆకుపచ్చ సైకిళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. పక్కనే దేవకృప.

"కృపా, ఇవి..."

"మనయే. సైకిల్ ఒక్కటే కదండీ. మూడుసార్లు ఇచ్చిన."

తల ఎత్తలేకపోయాను. "నీకెట్లా తెలిసింది?"

"వంటింట్లకు పోతుంటే ఒక వారం పెడల్ పిక్కకు తగుల్తది. ఇంకో వారం బ్రేకు మోచేతికి పొడుస్తది. మరో వారం స్టాండు కాలివేలును కొడ్తది. రంగొక్కటైతే సరిపోతదా? దెబ్బలు వేరే వేరే పడుతున్నయి కదా!"

నేను పక్కనున్న గుమ్మడికాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"సరే, మామయ్యది పాడుకోండి. మిగతా రెండు పోనియ్యండి. ఏది ఆయనదో మీకు తెలుసు కద?"

తెలుసనే అనుకున్నాను. మూడింటి ముందూ గొంతుక్కూచున్నాను. ఫ్రేము నంబరు చూద్దామంటే నేనే మూడు పూతలు పూసి పూడ్చేశాను. నాన్న తోలు సీటు మొదటిదానికి ఉంది. నాన్న హ్యాండిల్ రెండోదానికి ఉంది. నాన్న చైన్ కవర్ మూడోదానికి ఉంది. ఏ ఆదివారం ఏది విప్పి దేనికి బిగించానో గుర్తు లేదు. నాకు ఏడుపొచ్చింది. నాన్నను నా చేతులతో నేనే మూడు ముక్కలు చేసి మూడు ఇళ్లలో పెట్టాను. ఇప్పుడు ఆయన ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేకపోతున్నాను.

చివరికి సీటునే నమ్ముకున్నాను. ఆయన కూర్చున్నది దాని మీదే కదా అనుకున్నాను.

వేలం వేసేది రోనాల్డ్ అంకుల్. మొదటి సైకిల్ ఎత్తగానే నేను పాడాను. వెనక నుంచి ఇంకో గొంతు అంతకన్నా పెంచింది. చూస్తే హరికిషన్! కల్పలత సొరకాయలు ఎంతకు పోతాయో చూడటానికి వచ్చాడట.

"నువ్వెందుకు పాడుతున్నావురా?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"నువ్వు పాడుతున్నవంటే అండ్ల ఏదో మాల్ ఉంటది అన్నా."

ఇద్దరం పోటీపడి ఆకాశానికి ఎక్కించాం. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. నాకే దక్కింది. కళ్లు తుడుచుకుని అడుగు ముందుకు వేశానో లేదో, రోనాల్డ్ అంకుల్ నన్ను చూపిస్తూ మైకు అందుకున్నాడు.

"స్తోత్రం! బ్రదర్ ఆర్థర్ ప్రతి సంవత్సరంలాగే దీన్ని తిరిగి దేవునికే ఇచ్చేస్తున్నారు!"

చప్పట్లు. అయ్యగారు లేచి నిలబడి మరీ కొట్టారు. అంతమంది ముందు కాదని ఎలా అంటాను? చేతులు జోడించి నవ్వాను. అది నవ్వులా ఉందో లేదో నాకు తెలియదు. అదే సైకిల్ మళ్లీ వేలానికి వచ్చింది. మళ్లీ నేనే పాడాను, ఈసారి ఇంకా ఎక్కువకు. చప్పట్లు మొదలుకాకముందే పరుగెత్తుకెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను.

రెండో సైకిల్ హరికిషన్ పాడుకున్నాడు. మూడోది ఎత్తగానే దేవకృప చెయ్యి లేపింది. పోటీకి ఒక్క గొంతూ రాలేదు. ఆ ఆవరణలో సగంమంది ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే.

"నీకెందుకు కృపా సైకిల్? నీకు తొక్కడం కూడా రాదు."

"ఇటు రండి. చెయ్యి ఇయ్యండి."

నా అరచేతిని ఆ సైకిల్ కడ్డీ కిందివైపు ఆనించింది. అక్కడ ఒక బొడిపె తగిలింది. పాత వెల్డింగ్ అతుకు. ఎన్ని పూతలు వేసినా పైకి తేలే ఉంది.

"కడ్డీ విరిగితే మామయ్య అతికించుకున్నరు. ఆయనకు వంగనీకి చేతగాకపోయినంక ఈ సైకిల్ తుడిచింది నేనే. తుడిచినప్పుడల్లా నా చేతికి తగిలేది."

నా చేతిలో తోలు సీటున్న సైకిల్ ఉంది. అది ఎవరిదో, ఎక్కడిదో నాకు తెలియదు.

"నేను దానికి పాడుతున్నప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనే నిలబడ్డ. ఒక్కసారన్న నా దిక్కు చూస్తరేమోనని చూసిన. మీరు సీటు దిక్కే చూసిన్రు."

ఆ మాట అని ఆమె తన సైకిల్ స్టాండు తీసింది.

నేను పాడుకున్న సైకిల్‌ను అక్కడే వదిలేసి, ఆమె పాడుకున్నదాన్ని తోసుకుంటూ ఇంటికి వచ్చాం. రోనాల్డ్ అంకుల్ మూడోసారి వేలం వేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం నుంచి దేవకృప చెరువు దగ్గర తొక్కడం నేర్చుకుంది. వెనక పట్టుకుని పరుగెత్తింది నేనే. ఆమె పడిన ప్రతిసారీ నా గుండె ఆగిపోయేది, సైకిల్ కోసమో ఆమె కోసమో చెప్పలేను. లేచి, దుమ్ము దులుపుకుని, "పట్టుకోండి" అనేది. ఒకరోజు, "ఇగ వదలండి" అంది. వదిలాను. చెరువు చుట్టూ తిరిగి వచ్చింది. సంఘం మొత్తం విప్పడం ఆపి చూసింది.

నేను దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. "ఒక్క రౌండు నాకియ్యవా కృపా? నాన్నది కదా!"

ఒక కాలు నేలకు ఆనించి ఆగింది. సైకిల్ మాత్రం దిగలేదు.

"వెనక కూసోండి," అంది.

క్యారియర్ మీద ఎక్కి కూర్చున్నాను. హరికిషన్ ఫోన్ తీసి వీడియో షురూ చేశాడు.

"కాళ్లు జెర పైకి పెట్టుకోండి, నేలకు రాస్తున్నయి," అంటూ పెడల్ మీద బలంగా తొక్కింది.