నరసమ్మ ఒప్పుకోలు

జిల్లా కోర్టును మున్సిపల్ నాటకశాలలోకి మార్చాక తీర్పులు చప్పట్లను బట్టి ఇవ్వడం మొదలైంది. జనం పెద్దగా పట్టించుకోలేదు. పాత భవనం వానకి కురిసేది, ఇక్కడ కుర్చీలు మెత్తగా ఉన్నాయి. చప్పట్లు కొట్టేవాళ్లను రెండు పక్షాలూ ముందే మాట్లాడుకోవచ్చు. వాళ్లను జడ్జిగారి బావమరిది సరఫరా చేసేవాడు, అడిగితే రసీదు కూడా ఇచ్చేవాడు.

బస్టాండు పక్కన ఇడ్లీల బండి నడిపే అప్పలనరసమ్మ మీద హత్య కేసు పడింది. లారీ డ్రైవరు సింహాద్రి శవం ఆమె బండి వెనక దొరికింది. ఎవరు చంపారో ఆమెకు తెలియదు. పొద్దున్నే పిండి గిన్నె దించబోతూ చూసి కేక పెట్టింది, అంతే.

మొదటి వాయిదాలో ఉన్నదున్నట్టు చెప్పింది.

"నాకేటీ తెలీదు బాబూ."

ఎవరో ఆవులించారు. వెనక వరసలు లేచి టీకి వెళ్లిపోయాయి. మళ్లీ వాయిదాకీ ఇలాగే ఉంటే యావజ్జీవం తప్పదని జడ్జిగారు సౌమ్యంగానే చెప్పారు.

ప్లీడరు కామరాజు ఆమెను తెర వెనక్కి తీసుకెళ్లాడు.

"చంపలేదంటే ఎవరు చూస్తారమ్మా? మొన్న ఇద్దర్ని నరికినవాడు ఎంత బాగా ఏడ్చాడు! ఇప్పుడు బట్టల కొట్ల ప్రారంభోత్సవాలకి రిబ్బన్లు కత్తిరిస్తున్నాడు. నువ్వూ చంపానని చెప్పు, వదిలేస్తారు."

"సెయ్యని పని సేసేనని సెప్పాలా?"

"చెయ్యలేదన్నవాళ్లంతా జైల్లోనే ఉన్నారమ్మా."

ఇంట్లో మంచాన పడ్డ చెల్లెలికి అన్నం పెట్టే దిక్కు లేదు. నరసమ్మ సరేనంది.

రెండో వాయిదా నాడు వేదిక ఎక్కింది. మొదటి వరసలో వెలిసిన చీరలో సింహాద్రి తల్లి కూర్చునుంది. ఆమెను చూడగానే నరసమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది.

"నేనే సంపీసేను!"

ఆ తర్వాత ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. చెల్లెలి జబ్బు, పొయ్యి పొగ, మామూళ్లు అడిగే కానిస్టేబులు, ఇన్నేళ్లు మింగిన కోపం అన్నీ బయటికొచ్చేశాయి. వాటి మధ్యే సింహాద్రి ఎలా పోయాడో కూడా అల్లేసింది. హాలు హాలంతా లేచి నిలబడింది. జడ్జిగారు కళ్లు తుడుచుకుని కేసు కొట్టేశారు. దండ మొదట ఆ కానిస్టేబులే వేశాడు.

గుమ్మం దగ్గర సింహాద్రి తల్లి ఎదురొచ్చింది. నరసమ్మ ఆమె చేతులు పట్టేసుకుంది.

"అమ్మా, నేను సంపనేదు. ఒట్టు."

"అలగనకమ్మా," అంది ముసలామె. "మావోడు ఎలగ పోయాడో ఇన్నాళ్లకి నువ్వొక్కర్తివే సెప్పినావు. సివర్లో నన్ను తలిసేడా?"

చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. నరసమ్మ ఆమె కళ్లలోకి చూసింది.

"తలిసేడమ్మా. అమ్మా అనే అన్నాడు."

ముసలామె మొహం తేటపడింది. నరసమ్మ దండ సరిచేసి, ఆమె పక్కన ఫొటోకి నిలబడింది.