మా కారులోని ‘టక్’ కలకాలం వర్ధిల్లాలి!

సంసారం చల్లగా సాగాలంటే ఇంటికో కారు, ఆ కారులో అంతుచిక్కని శబ్దం ఒకటి ఉండి తీరాలి. కారు పాతదైనా ఫరవాలేదు, శబ్దం మాత్రం గట్టిదై ఉండాలి!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆయన బంగారంలాంటి మనిషి. చెవులే కాస్త ఎక్కువగా సెలవులో ఉంటాయి. “కుళాయి కారుతోందండీ” అంటే “ఊఁ” అంటారు. “పక్కింటి గోడ మన మీదికి ఒరుగుతోందండీ” అన్నా అదే “ఊఁ”. ఓసారి పరీక్షిద్దామని, “నేను సన్యాసం పుచ్చుకుంటున్నానండీ” అన్నాను.

“ఊఁ. వచ్చేటప్పుడు పాలు తీసుకురా” అన్నారు.

అటువంటి మనిషి ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలోంచే కేకేశారు. “ఒకసారి వచ్చి కారెక్కు!”

“ఎక్కడికండీ?”

“ఎక్కడికీ కాదు, మలుపు తిరగడానికి!”

వెళ్లాం. ఎడమవైపు తిరిగితే ఏమీ లేదు. కుడివైపు తిరగ్గానే ముందు ఎక్కడో ‘టక్’ మంది.

“విన్నావా? నీకెలా వినిపించింది? టక్ అనా, టిక్ అనా?”

పెళ్లయ్యాక నా అభిప్రాయాన్ని అంత ఆత్రంగా అడగడం అదే మొదలు! నేనూ బాధ్యతగానే ఆలోచించాను. “టక్కేనండీ. చివర్లో కాస్త గరగర కూడా ఉంది” అన్నాను.

“శభాష్! ఆ గరగర నాకు తట్టనే లేదు సుమా!” అన్నారు. ఆ రాత్రి అన్నం కూడా మెచ్చుకుంటూ తిన్నారు.

మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతనొక్కడే నడుపుకెళ్తే మా కారు, హెడ్మాస్టరును చూసిన పిల్లాడిలా కిక్కురుమనలేదు. నేనెక్కి కూర్చున్నానో లేదో, మొదటి మలుపులోనే టక్!

మెకానిక్ తల గోక్కున్నాడు. “అమ్మగారు ఎక్కితేనే వస్తోంది సార్. ఎడంపక్క బరువు పడాలి దానికి. ఏ మలుపులో వస్తోందో, ఎంత స్పీడులో వస్తోందో ఇంకొన్నాళ్లు గమనించి చెప్పండి.”

ఇంకొకరైతే నొచ్చుకునేవారేమో. నేను పొంగిపోయాను! ఇంట్లో నా మాటకు లేని బరువు, కారులో నాకు దక్కింది మరి!

ఇక రోజూ సాయంత్రం షికారే. ఫోను బంద్, రేడియో బంద్. ఊళ్లో ఉన్న కుడి మలుపులన్నీ తిరిగాం. ఒకరోజు నది ఒడ్డున కారాపారు. ఎదురుగా సూర్యుడు నీళ్లలోకి దిగిపోతున్నాడు. పక్కన కట్టుకున్నవాడు. నా కళ్లు చెమర్చాయి. ఏదో అనబోతే “ష్!” అన్నారు. “ఇంజను చల్లారుతూ కూడా ఏదో అంటోంది, విను.”

విన్నాను. పెళ్లయిన కొత్తలో కూడా మేమింత నిశ్శబ్దంగా, ఇంత దగ్గరగా కూర్చోలేదు!

ఈ శబ్దం చేసిన మేలు అంతటితో ఆగిందా? మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఏదో మాట పట్టింపుతో మా గడప తొక్కడం మానేసి ఏళ్లయింది. పెద్దమనుషులు చెప్పినా వినని ఆయన, కబురు తెలిసి పరుగున వచ్చి వెనక సీటెక్కారు.

“గేర్‌బాక్సురా తమ్ముడూ!”

“కాదన్నయ్యా, చక్రం!”

“నీ మొహం! చిన్నప్పుడు సైకిలు చైను కూడా నేనేగా ఎక్కించింది!”

అన్నదమ్ములిద్దరూ తనివితీరా పోట్లాడుకున్నారు. దిగేటప్పుడు బావగారు కండువాతో కళ్లద్దాలు తుడుచుకుంటూ, “రేపూ వస్తానమ్మా, ఇది తేలేదాకా వదలను” అన్నారు. తేలకూడదని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

దేవుడి చెవులూ మా ఆయన చెవుల్లాంటివే! ఆ వారంలోనే మెకానిక్ కారును పైకెత్తి, ముందు చక్రం దగ్గర అరిగిపోయిన రబ్బరు బుష్షొకటి పట్టుకుని, కొత్తది వేసేశాడు. కారు పిల్లిలా నడవసాగింది. బావగారు చక్రమని తేలినందుకు అలిగి వెళ్లిపోయారు. మా ఆయన పేపరు వెనక్కి వెళ్లిపోయారు.

అయ్యా, ఇక అసలు సంగతికొస్తాను. మేడ మెట్లెక్కుతూ మలుపు దగ్గర తిరిగితే నా కుడి మోకాలు ‘కట్’ మంటోంది. ఇవాళా నిన్నా కాదు, కారు కంటే ముందునుంచీ. దానికీ బరువు పడాలి, దానికీ మలుపు కావాలి. మా ఆయనకు చెబితే “వయసు” అన్నారు. ‘కట్’ అనా ‘కిట్’ అనా అని అడగనైనా లేదు.

నిన్న ఉదయం బట్టల బుట్టతో మెట్లెక్కుతున్నాను. మలుపులో మోకాలు ఎన్నడూ లేనంత గట్టిగా మోగింది. కింద పేపరు దిగ్గున పక్కకు జరిగింది.

“ఆగు! కదలకు!” అన్నారు మా ఆయన.

నా కడుపు నిండిపోయింది. బుట్టతో సహా ఆ మెట్టు మీదే నిలబడిపోయాను.

“విన్నావా? మళ్లీ మొదలైంది!” అంటూ తాళాలు లాక్కుని, వీధిలో ఇంజను ఆపి ఉన్న కారు దగ్గరికి పరిగెత్తారు.