ఓబీ పేరుపలక

ఆ బుధవారం పొద్దున వెర్లిన్ స్టబ్స్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, ఊడిపోయిన ఒక లాకరు తలుపుకి కొత్త బందు వేయడం. రెండోది, ఆ తర్వాత బట్టలుతికే గదిలో కాళ్లు బారజాపుకుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తినడం. రెండో పని కోసమే మొదటిది త్వరగా కానిచ్చేద్దామనుకున్నాడు.

అలబామాలో ట్యాలో క్రీక్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి సామాను చూసే ఉద్యోగం అతనిది. ముప్ఫై ఒక్కేళ్లుగా హెల్మెట్లు తుడుస్తున్నాడు, చెమట జెర్సీలు ఉతుకుతున్నాడు. తలుపు ఊడిన లాకరు ఓబీ లాండ్రమ్ అనే కుర్రాడిది. వంగుని, కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి విసిరితే, దాన్ని వెనకనున్నవాడు అందుకుని తన్నాలి. ఆ విసరడం ఓబీ పని. అలాంటి పని చేసేవాడి పేరు జనానికి తెలిసేది వాడు తప్పు చేసిన రోజునే. ఓబీ మూడేళ్లలో ఒక్క బంతి కూడా తప్పు విసరలేదు. అంచేత వాడెవడో ఎవరికీ తెలియదు.

వాడికి స్కాలర్‌షిప్ కూడా లేదు. తెల్లవారుజామున దాణా మిల్లులో బస్తాలు మోసి, ఆ జీతంతో కోళ్ల పెంపకం చదువుతున్నాడు. హెడ్ కోచ్ డనవేని ఎప్పుడడిగినా "చూద్దాం" అంటాడు. మూడేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. "ఇంక నావల్ల కాదు బాబాయ్. శుక్రవారంలోగా ఏదీ తేలకపోతే చదువు మానేసి మామయ్య కోళ్లఫారానికి పోతాను," అని సోమవారం వెర్లిన్‌తో చెప్పాడు. ఆ రోజు నుంచి వెర్లిన్‌కి తిన్నది వంటబట్టడం లేదు. చెయ్యగలిగిందేమైనా ఉందా అంటే, తలుపు బాగుచెయ్యడం ఒక్కటే కనిపించింది.

పేరుపలక తియ్యందే తలుపు ఊడి రాలేదు. పలక తీసి జేబులో వేసుకున్నాడు. లోపలి బట్టలూ బూట్లూ దుమ్ము పడకుండా సంచిలో కట్టి పక్కకి పెట్టాడు. స్క్రూడ్రైవరు స్టూలు మీద వదిలేసి, కొత్త బందు కోసం బజారుకి వెళ్లాడు.

మామూలు రోజుల్లో అయితే ఏమీ అయ్యేది కాదు. కానీ అది జనవరి. ఆటగాళ్లు ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి మారడానికి ఇచ్చే పదిహేను రోజుల గడువు నడుస్తోంది. అప్పటికే పద్నాలుగు మంది వెళ్లిపోయారు. దాంతో ఊరు ఊరంతా చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడుతోంది. ఒక కుర్రాడు తన ఫొటో మార్చినా అనుమానమే, ఇంటి ముందు బాడుగ ట్రక్కు ఆగినా అనుమానమే. లాకరు మీద పేరుపలక ఊడిందంటే మాత్రం ఇక అనుమానం కూడా అక్కర్లేదు, ఏడుపే.

బజారులో ఇనపసామాను కొట్టు ముసలాయన బందు వెతుకుతూ అడిగాడు. "మీ ఓబీ వెళ్లిపోతున్నాడటగా?"

"ఏ ఓబీ?"

"లాండ్రమ్ కుర్రాడయ్యా. అలాంటి ఆటగాడు మళ్లీ పుడతాడా? బంగారంలాంటి పిల్లాణ్ణి చేజేతులా పోగొట్టుకుంటున్నారు! పక్కూరి హాచెట్ రిడ్జ్ కాలేజీ వాళ్లు ఎగరేసుకుపోతున్నారట."

"నీకెవరు చెప్పారు?"

"ఊరందరికీ తెలుసు. ఫోన్ చేస్తే ఎత్తట్లేదట కూడా. ఎందుకెత్తుతాడు, మనసు అక్కడుంటే!"

వెర్లిన్ నమ్మలేకపోయాడు. మూడేళ్లుగా రోజూ తన గదికొచ్చి, తన సాసేజీ రొట్టెలో సగం తిని వెళ్లే పిల్లాడు. తనతో కోళ్లఫారం అని చెప్పి, హాచెట్ రిడ్జ్‌కి వెళతాడా? "అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా," అనుకుని, బందు కొనాలా మానాలా అని కాసేపు మథనపడ్డాడు.

"ఇదిగో, నువ్వే చూసుకో," అని ముసలాయన ఫోన్ చేతిలో పెట్టాడు. అభిమానుల గ్రూపులో ఒక ఫొటో. తీసింది ట్రాక్టర్ల షాపు హోయిట్ కార్గిల్. కాలేజీకి భారీగా చందాలిస్తాడు కాబట్టి ఏ గదిలోకైనా వెళతాడు. పొద్దున లాకర్ల గదిలోకి వెళ్లి తీశాడట. ఖాళీ లాకరు, పలక ఊడిన చోటు, కట్టిన సంచి. కింద నాలుగు వందల మంది శోకాలు. వెర్లిన్ కూడా నిట్టూర్చబోయాడు. అప్పుడు ఫొటో మూలన స్టూలూ, దాని మీద ఎర్ర టేపు చుట్టిన స్క్రూడ్రైవరూ కనిపించాయి.

ఆ టేపు చుట్టింది తనే.

ఓబీ ఫోన్ ఎందుకు ఎత్తట్లేదో కూడా వెర్లిన్‌కి తెలుసు. అది సోమవారం మిల్లులో మొక్కజొన్నల గొట్టంలోకి జారిపోయింది. ఈపాటికి ఏ కోళ్లఫారంలో మోగుతోందో! బందు డబ్బులు గల్లా మీద పడేసి, ట్రక్కెక్కి, నేరుగా కోచ్ గదికి పరిగెత్తాడు.

గదిలో కోచ్ డనవే జుట్టు పీక్కుంటున్నాడు. ఎదురుగా ట్రాక్టర్ల హోయిట్. పక్కన కాలేజీలో క్రీడల నిబంధనలు చూసే మావిస్ ప్రూయిట్, ఒళ్లో లావుపాటి పుస్తకంతో.

"అసలెవడమ్మా ఈ లాండ్రమ్?" అంటున్నాడు కోచ్.

"మీ ఆటగాడేనండి," అంది మావిస్.

"ఆ సంగతి తెలుసు! ఎలా ఉంటాడని!"

హోయిట్ బల్ల మీద గుద్దాడు. "ఎవరికీ తెలియని వాణ్ణి కూడా ఆపలేకపోతే, ఇంకెవణ్ణి ఆపుతారు మీరు? హాచెట్ రిడ్జ్ కోచ్ వాడి సండేస్కూలు టీచరుకి ఫోన్ చేశాడు, తెలుసా?"

"మారేవాళ్ల జాబితాలో పేరెక్కకుండా వేరే కాలేజీ వాళ్లు మాట్లాడకూడదు కదా!" అన్నాడు కోచ్.

"అందుకే ఆటగాడి గురించి మాట్లాడలేదట. మీ ఊళ్లో వాన పడుతోందా అని అడిగాడట."

"హాచెట్ రిడ్జ్ ఇక్కడికి పన్నెండు మైళ్లు! ఆ వాన ఆయన కిటికీలోంచి కనపడదా?" కోచ్ నెత్తి కొట్టుకున్నాడు.

వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు. "కోచ్‌గారూ, ఒక్కమాట. ఆ పలక ఉందే..."

"ఉండవయ్యా వెర్లిన్. మావిస్, వాడికి స్కాలర్‌షిప్ ఉందా? లేదా? అయితే ఇప్పుడే ఇచ్చేద్దాం. కాగితాలు తయారుచెయ్యి."

వెర్లిన్ నోరు దానంతటదే మూసుకుంది. అతను చర్చిలో పెద్దమనిషి, ముప్ఫై ఏళ్లుగా ఆదివారం తప్పలేదు. అబద్ధం ఆడకూడదని తెలుసు. అయితే అడగని ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం అబద్ధం కిందికొస్తుందా రాదా అని ఎప్పుడూ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాడు, తీరిగ్గా.

"మరి వాడు ఈలోపే వెళతానంటే?" అన్నాడు హోయిట్.

"అది వాడి హక్కు," అంది మావిస్ పుస్తకం మూసి. "రాతపూర్వకంగా అడిగితే చాలు, రెండు పనిదినాల్లో నేను పేరు జాబితాలో ఎక్కించాలి. పూర్వంలాగా మీరు దయతలిస్తే కదలడం కాదు కోచ్‌గారూ. ఆ రోజులు పోయాయి."

"రాశాడా?"

"ఇంకా లేదు."

"అయితే వాడికి కాగితం, పెన్ను, పెన్సిల్ అందకుండా చూడండి! భవనం మొత్తంలో! ముందు ఈ గదిలోవి తీసెయ్యండి!"

ఆజ్ఞ వెళ్లింది. పెన్నులన్నీ డబ్బాలో పోసి గ్యారేజీలోకి చేర్చారు. పది నిమిషాలకి కింద రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. కోచ్ విని పాలిపోయాడు.

"వాడొచ్చాడట. రెండు పెన్సిళ్లు అడిగాడట."

"రెండెందుకూ?" అన్నాడు హోయిట్.

"ఒకటి విరిగితే ఇంకోటి ఉండాలన్నాడట."

"అబ్బో, గట్టి నిర్ణయంతోనే ఉన్నాడు!"

"మనవాళ్లు లేవన్నారు. పుస్తకాల కొట్టు దారి పట్టాడట. పదండి!"

నలుగురూ బయటపడ్డారు. ముందు కోచ్, వెనక ఫోన్‌లో వీడియో తీస్తూ హోయిట్, ఆ వెనక కాగితాలతో మావిస్, అందరికంటే వెనక మనస్సాక్షితో వెర్లిన్. ఇవాళ బుధవారమని, మధ్యాహ్నం ఓబీకి కోడి జీర్ణకోశం మీద పరీక్ష ఉందని వెర్లిన్‌కి దారిలో గుర్తొచ్చింది. కుర్రాడు వారం రోజులుగా తన గదిలోనే బట్టీ పట్టాడు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. స్కాలర్‌షిప్ కాగితం మావిస్ చేతిలో రెపరెపలాడింది. రెండుసార్లూ నోరు మూసుకున్నాడు.

కొట్టువాడు పరీక్షహాలు వైపు చూపించాడు. అక్కడ అరవై మంది తలలు వంచుకుని రాస్తున్నారు. కోచ్ తలుపు నెట్టుకుని లోపలికి దూకాడు. దూకాక గానీ గుర్తురాలేదు, తనకి ఓబీ మొహం తెలియదని. కాస్త భుజాలున్న కుర్రాణ్ణి చూసి, చేతిలోంచి పెన్సిల్ లాక్కున్నాడు.

"రాయొద్దు నాన్నా!"

"రాయకపోతే ఫెయిలవుతాను సార్!"

"ఎందుకవుతావు? నేను చూసుకుంటాగా!"

"మీరు చూసుకునేదేంటండీ?" అంటూ ప్రొఫెసరమ్మ లేచింది. "ఎవరు మీరు?"

ఆ కుర్రాడు ఓబీ కాదని తేలింది. కోచ్ పక్క వరసలో ఇంకో దిట్టమైనవాడి పెన్సిల్ లాగాడు. వాడూ కాదు. మూడోవాడు ఇవ్వనని పెనుగులాడాడు, పెన్సిల్ విరిగింది. అప్పుడు చివరి వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

"కోచ్‌గారూ, నేనేమైనా తప్పు చేశానా?" అన్నాడు ఓబీ.

కోచ్ గబగబా వెళ్లి, వాడి బల్ల పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నువ్వు తప్పు చెయ్యడమేంటి నాన్నా! తప్పు నాది. నువ్వు లేకపోతే ఈ జట్టే లేదు. నిన్ను కన్నకొడుకులా చూసుకున్నాను. ఔనా కాదా?"

మూడేళ్లలో కోచ్ తనని "ఏయ్, నువ్వే" అని తప్ప పిలవలేదని ఓబీకి బాగా గుర్తుంది. అయినా పెద్దవాళ్లు మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఎదురు చెప్పకూడదని, ఔనన్నాడు.

"ఇదిగో స్కాలర్‌షిప్. ఏడాదంతా నీది. సంతకం పెట్టు."

ఓబీ కాగితం వంక చూశాడు. కోచ్ వంక చూశాడు. గుమ్మంలో నిలబడ్డ వెర్లిన్ వంక చూశాడు. కుర్రాడి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "పెన్ను కావాలండి," అన్నాడు ఓబీ.

కోచ్ జేబులు తడుముకున్నాడు. హోయిట్ తడుముకున్నాడు. మావిస్ సంచి బోర్లించింది. పెన్నులన్నీ గ్యారేజీలో భద్రంగా ఉన్నాయి.

"పెన్సిల్‌తో పెట్టేస్తే?" అన్నాడు కోచ్.

"చెల్లదు," అంది మావిస్.

చివరికి ప్రొఫెసరమ్మ, వీళ్లు కదిలితే చాలునని, తను మార్కులేసే ఎర్ర పెన్ను ఇచ్చింది. ఓబీ సంతకం పెట్టాడు. కోచ్ పెట్టాడు. మావిస్ రెండూ సరిచూసి తలూపింది.

ఇక వెర్లిన్ వల్ల కాలేదు. ఆలోచనలన్నీ అయిపోయాయి. జేబులోంచి పలక తీసి చూపించాడు. "కోచ్‌గారూ, తలుపు బందు ఊడిపోయిందండి. బాగుచేద్దామని నేనే తీశాను. అంతకుమించి ఏమీ లేదు."

కోచ్ మెల్లగా లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "అంటే వీడు ఎక్కడికీ వెళ్లట్లేదా?"

"ఎక్కడికండీ?" అన్నాడు ఓబీ. "ఇంకా అరగంట పరీక్షుంది."

కోచ్ చెయ్యి కాగితం వైపు సాగింది. మావిస్ అంతకంటే ముందే దాన్ని సంచిలో పెట్టి జిప్పు లాగింది. "ఆట నచ్చలేదనో, మనసు మారిందనో ఏడాది మధ్యలో లాక్కోవడానికి వీల్లేదు కోచ్‌గారూ. అదీ వాడి హక్కే."

"ఇది మోసం!"

"ఎవరు చేశారు? వాడు అడిగింది రెండు పెన్సిళ్లు."

ఆ సాయంత్రం వెర్లిన్ బందు బిగించి, పలక మళ్లీ తగిలించి, వేరుశనక్కాయలు ముందేసుకుని కూర్చున్నాడు. ఓబీ వచ్చి గట్టిగా కావలించుకున్నాడు. "చాల్లేరా, ఊపిరాడట్లేదు," అన్నాడు వెర్లిన్. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు గానీ, ఆ పూట తిన్నది మాత్రం వంటబట్టింది.

హోయిట్ తీసిన వీడియోని ఈలోగా దేశమంతా చూసింది. ఎవరూ పట్టించుకోని కుర్రాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్న కోచ్‌ని చూసి తల్లులు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆటగాళ్లని బిడ్డల్లా చూసుకునే ఇలాంటి మనిషే తమకి కావాలని ఉత్తరాన ఒక పెద్ద కాలేజీ వాళ్లు శుక్రవారం పొద్దున విమానం పంపారు. డనవే ఎక్కి వెళ్లిపోయాడు. ఆయనకి జాబితా లేదు, గడువు లేదు, ఎవరికీ ఒక్క ముక్క రాసివ్వాల్సిన పని లేదు. తన బిడ్డలకి ఆ సంగతి ఫోన్‌లో మెసేజ్ పెట్టాడు, గ్రూపులో.

కోచ్ వెళ్లిపోతే పిల్లలకి ఇంకో పదిహేను రోజుల గడువిస్తారు. మావిస్ గది ముందు వరస మెట్ల దాకా సాగింది. ఈసారి ఎవరూ పెన్నులు దాచలేదు. గడువు ముగిసేసరికి జట్టులో ఇద్దరు మిగిలారు. ఒకడు కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు.

ఆ తర్వాతి సోమవారం కొత్త కోచ్ వచ్చి, జట్టు పాత లెక్క ప్రకారం నూట ఐదు కుర్చీలు వేయించి, వేదికెక్కి, రాసి తెచ్చుకున్న ఉపన్యాసం విప్పాడు. "నా దగ్గర ఎవరికీ ఏదీ ఊరికే రాదు! మీలో ప్రతి ఒక్కరూ పక్కవాడితో పోటీపడి తమ స్థానం నిలబెట్టుకోవాల్సిందే!"

ఓబీ అటు చూసి, ఇటు చూసి, సరేనన్నాడు.